ఠాణా గడప దాటని వకీలు: పోలీసు నిర్బంధంలోని నిస్సహాయులకు న్యాయసలహా – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పోలీసు హింసకు విరుగుడుగా భారత శాసనకర్తలు ఠాణాలో చెప్పిన ఒప్పుకోలును చెల్లనివ్వకుండా చేశారు. ఠాణాలో ఉన్న మనిషి పక్కన న్యాయవాదిని మాత్రం నిలపలేదు. 1855 నాటి మద్రాసు నివేదిక మొదలుకొని 2023 నాటి సంహిత వరకు ఈ ఎంపిక ఎలా కొనసాగిందో, అడిగినవారికే న్యాయసలహా అన్న నియమం అడగలేనివారిని ఎలా వెలుపల ఉంచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోలీసు నిర్బంధం, న్యాయసలహా, ఒప్పుకోలు, నేరస్థ జాతుల చట్టం, 22వ అధికరణ, ఉచిత న్యాయసహాయం.

ఉపోద్ఘాతం

అరెస్టు చేసిన వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది అందరికీ తెలిసిన నియమమే. ఆ గడువులో ఆ మనిషి ఎవరితో మాట్లాడతాడన్నది అంతగా చర్చకు రాని విషయం. చదువు, పరిచయాలు ఉన్నవాడు తన వకీలుకు కబురు పంపుతాడు. అడ్డా మీది కూలీ, సంచార జాతి స్త్రీ, మతిస్థిమితం లేని యువకుడు, పదహారేళ్ల బాలుడు కబురు పంపవచ్చన్న సంగతే ఎరుగరు. ఎరిగినా పంపడానికి వారికి వకీలు ఉండడు. కేసులో తరువాత నిలబడేదీ, కూలేదీ చాలావరకు ఆ గంటలలోనే నిర్ణయమవుతుంది. ఎక్కడికి తీసుకుపోయారు, ఏం చూపించాడు, ఏ కాగితంపై వేలిముద్ర వేశాడు అన్నవన్నీ అప్పటికే జరిగిపోయి ఉంటాయి. అందువల్ల న్యాయవాదిని పొందే హక్కు ఉన్నదా లేదా అన్న ప్రశ్న కన్నా, ఆ హక్కు ఏ గడియ నుంచి మొదలవుతుంది, ఎవరు కదిలితే మొదలవుతుంది అన్న ప్రశ్నలు ముఖ్యమైనవి.

మద్రాసు నివేదిక: కాగితాన్ని నమ్మని చట్టం

ఈ చరిత్రకు మొదలు తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానిలోనే కనిపిస్తుంది. హింసారోపణలను విచారించడానికి 1854లో ఏర్పడిన ఇలియట్, స్టోక్స్, నార్టన్‌ల కమిషన్ 1855లో తన నివేదికను సమర్పించింది. అప్పటి తహసీలుదారు శిస్తు వసూలు చేసేవాడే కాక పోలీసు అధికారి కూడా. బకాయి రాబట్టడానికీ నేరం ఒప్పించడానికీ ఒకే చేయి, ఒకే పద్ధతి. వేళ్లను కర్రల నడుమ నొక్కే కిట్టి, మనిషిని వంచి కట్టి ఎండలో నిలబెట్టడం వంటి పద్ధతులను కమిషన్ నమోదు చేసింది. కిట్టి అన్న మాట ఆనాటి తెలుగు నిఘంటువులకెక్కిన మాట. పరాయి పాలకుడు కనిపెట్టిన సాధనమూ కాదు, అతడు మాన్పించిన సాధనమూ కాదు.

నివేదిక తరువాత 1859లో మద్రాసు పోలీసు చట్టం, 1861లో అఖిల భారత పోలీసు చట్టం వచ్చాయి. శిస్తు అధికారం నుంచి పోలీసు అధికారం వేరుపడింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరి, 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25, 26 సెక్షన్లుగా స్థిరపడిన నియమం అంతకన్నా లోతైనది. పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు నిందితునిపై రుజువుగా చెల్లదని, పోలీసు నిర్బంధంలో ఉండగా చేసిన ఒప్పుకోలు మేజిస్ట్రేటు సమక్షంలో జరిగితేనే చెల్లుతుందని ఆ సెక్షన్లు చెబుతాయి. తన సొంత పోలీసును ఇంత బాహాటంగా శంకించిన చట్టం ఆనాటి ఇంగ్లండులో కూడా లేదు.

అయితే ఆ శంక కాగితం వరకే. గదిలో జరిగేది జరుగుతుంది, దాని ఫలితం మాత్రం కోర్టుకు చేరదు అన్నదే ఆ ఏర్పాటు. గదిలోకి మూడో మనిషిని పంపాలన్న ఆలోచన అందులో లేదు. న్యాయవాదికి చట్టం ఇచ్చిన చోటు కోర్టు హాలే. 1898 నాటి కోడ్‌లోని 340వ సెక్షన్ క్రిమినల్ కోర్టు ముందు నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి ప్లీడరును పెట్టుకునే హక్కు ఇచ్చింది. 'కోర్టు ముందు' అన్న ఆ మాటలకు పరిమితి విధించే శక్తి ఎంతో ఆ తరువాతి వందేళ్లలో తేలింది.

ఆ ఏర్పాటులోనూ ఒక తలుపు తెరిచే ఉంది. నిందితుడు ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వాస్తవం బయటపడితే, దానికి సంబంధించినంత మేరకు అతని మాటలు చెల్లుతాయని 27వ సెక్షన్ చెబుతుంది. దీనికి ప్రామాణిక వ్యాఖ్యానం గుంటూరు సెషన్సు కోర్టు నుంచి వెళ్లిన కేసులో వచ్చింది. పులుకూరి కోటయ్య కేసుగా నేటికీ ప్రతి క్రిమినల్ న్యాయవాది ఉటంకించే ఆ తీర్పును ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరులో ఇచ్చింది. ఆయుధం దాచిన చోటు తనకు తెలుసునన్న మేరకు నిందితుని మాట చెల్లుతుంది, దానితో ఫలానావాడిని పొడిచానన్న మాట చెల్లదు అని ఆ తీర్పు గీత గీసింది. గీత స్పష్టమైనదే. కాని 'చూపిస్తాను' అన్న ఒక్క మాట అనవచ్చునా, అనకూడదా అన్న సలహా అవసరమయ్యే చోటు ఠాణాయే. కోర్టుకు వచ్చేసరికి ఆ మాట పంచనామాలో చేరి ఉంటుంది. ఠాణాలో చెప్పింది చెల్లదు గనుక అక్కడ వకీలుతో పని లేదన్న వాదం నిలవకపోవడానికి ఈ సెక్షన్ ఒక్కటే చాలు.

పుట్టుకే నేరమైన చోట

నిర్బంధానికి ఠాణా గోడలు కూడా అక్కరలేని ఏర్పాటు ఒకటి ఇదే కాలంలో రూపొందింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఒక జాతిని ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుబాటును ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీలులేకపోయింది. ఆరోపణ వ్యక్తిపై కాదు, పుట్టుకపై. అందువల్ల వాదించడానికి వ్యాజ్యమే లేదు. వ్యాజ్యం లేనిచోట వకీలు ఏం వాదిస్తాడు? 1911 నాటి కొత్త చట్టంతో ఈ విధానం మద్రాసు రాజధానికి విస్తరించింది. ఎరుకల కుటుంబాలను ఉంచిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు బాపట్ల, చీరాల నడుమ ఏర్పడి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో నడిచింది. హాజరు వేయించుకోవడం, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకపోవడం అక్కడి నిత్యజీవితం.

ఈ వ్యవస్థ నిర్బంధంతో పాటు ఒక పోలీసు అలవాటును కూడా మిగిల్చింది. దొంగతనం జరిగితే ఆధారం వెదకడానికి ముందు ఎవరిని తీసుకురావాలో తెలిసి ఉండటమే ఆ అలవాటు. మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసింది. దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న అది రద్దయింది. ఈలోగా 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థులపై ఆంక్షల చట్టం వచ్చింది. జాతి పేరు తొలగింది గాని అనుమానితుల జాబితా పోలేదు. నేటి న్యాయసహాయ చర్చలో 'నిస్సహాయ అనుమానితుడు' అనగానే బాలలను, మానసిక రోగులను తలచుకోవడం పాశ్చాత్య గ్రంథాల ప్రభావం. తెలుగు నేలపై ఆ వర్గంలో మొదట లెక్కించవలసినవారు విముక్త జాతులవారు.

రాజ్యాంగం, అడగవలసిన బాధ్యత

రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ ప్రతిపాదించిన 15ఏ అధికరణ తరువాత 22వ అధికరణ అయింది. జీవించే హక్కుకు సంబంధించిన అధికరణలో 'డ్యూ ప్రాసెస్' అన్న మాటను వదులుకున్నందుకు ఇది కొంత పరిహారమన్న భావాన్ని ఆయన సభలో వ్యక్తం చేశారు. అరెస్టయిన వ్యక్తికి కారణాలు తెలపాలి, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును, అతని ద్వారా వాదన వినిపించుకునే హక్కును నిరాకరించకూడదు అన్నది అందులోని మొదటి ఖండిక. 'కోర్టు ముందు' అన్న పాత పరిమితి ఇక్కడ లేదు. హక్కు అరెస్టు నుంచే మొదలవుతుంది. అయినా వాక్యం నిషేధ రూపంలో ఉన్నది. నిరాకరించకూడదు అన్నదే గాని సమకూర్చాలి అన్నది కాదు.

ఈ తేడా ఎంతటిదో 1951లో రెండు తీర్పులు తేల్చాయి. వాటిలో ఒకటి తెలంగాణ సాయుధ పోరాటానికి సంబంధించినది. నల్లగొండ స్పెషల్ ట్రిబ్యునల్ మరణశిక్ష విధించిన ఖైదీలు, తమకు వకీలును నియమించుకునే అవకాశం దక్కలేదని సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నారు. జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం కేసుగా ప్రసిద్ధమైన దానిలో బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వారి పక్షాన వాదించారు. మరణశిక్ష పడదగిన కేసులో నిందితునికి వకీలు లేనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోతుందని చట్టసూత్రంగా చెప్పలేమని కోర్టు భావించింది. విచారణ రాజ్యాంగానికి ముందే ముగియడంతో కొత్త హక్కులు వారికి అందలేదు. చివరకు ఆ శిక్షలు యావజ్జీవంగా మారినా, సూత్రం అలాగే నిలిచింది. తారాసింగ్ కేసులో జస్టిస్ వివియన్ బోస్ 340వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ, వకీలు కావాలని అడగవలసిన బాధ్యత నిందితునిదేనని, మేజిస్ట్రేటు చేయవలసింది అవకాశం కల్పించడం మాత్రమేనని చెప్పారు.

అడగడం తేలికైన పనిగా చదువుకున్నవారికి తోస్తుంది. పోలీసును 'అయ్యా' అని తప్ప సంబోధించి ఎరుగనివాడు, అతని ఎదుటే నిలబడి, అతనికి వ్యతిరేకంగా పనిచేసే మనిషిని పిలిపించమని కోరడమంటే ఏమిటో ఆ తీర్పులు తలచుకోలేదు.

కటకం నుంచి భాగల్పూరుకు

ఈ సూత్రాన్ని కదిలించిన తీర్పు పేదవాని కేసులో రాలేదు. 1977లో ఒడిశా విజిలెన్సు పోలీసులు మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటకం ఠాణాకు పిలిపించి, రాతపూర్వకంగా ప్రశ్నలు ఇచ్చారు. ఆమె జవాబు ఇవ్వడానికి నిరాకరించారు. 1978 ఏప్రిల్ 7న జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెలువరించిన తీర్పు, తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కరలేని రక్షణ కోర్టుకే కాక దర్యాప్తు దశకూ వర్తిస్తుందని, నిందితుడు కోరితే ప్రశ్నించే వేళ న్యాయవాదిని అనుమతించాలని చెప్పింది. స్త్రీలను వారి నివాసం వదలి ఠాణాకు రమ్మనకూడదన్న నిబంధనను ఉల్లంఘించినందుకు పోలీసులను మందలించింది కూడా. అయితే వకీలును పోలీసులే సమకూర్చాలని అనలేదు. వకీలు, పలుకుబడి, మౌనం పాటించే ధైర్యం మూడూ ఉన్న వ్యక్తి గెలిచిన హక్కు అది.

అదే 1978లో హైదరాబాదులో వీటిలో ఏదీ లేని ఒక పేద ముస్లిం స్త్రీని రాత్రివేళ నల్లకుంట ఠాణాకు తీసుకుపోయారు. ఆమెపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించి, జస్టిస్ ముక్తదర్ కమిషన్‌కు దారితీశాయి. ఆ తరువాతి దశాబ్దంలో ఆంధ్రప్రదేశ్ పౌర హక్కుల సంఘం లాకప్ మరణాలపై నిజనిర్ధారణలు జరుపుతూ వచ్చింది. అయితే కమిషన్, నిజనిర్ధారణ, హెబియస్ కార్పస్ మూడూ జరిగిపోయిన తరువాతనో, బయటివారికి తెలిసిన తరువాతనో పనిచేసేవే.

బిహారులోని భాగల్పూరులో 1979-80లలో పోలీసులు 30 మందికి పైగా అనుమానితుల కళ్లు పొడిచి యాసిడ్ పోసిన ఉదంతం ఖత్రీ కేసుగా సుప్రీంకోర్టుకు వచ్చింది. మొదటిసారి హాజరుపరచినప్పుడు వారికి న్యాయవాదులు ఎందుకు లేరన్న ప్రశ్నకు వచ్చిన జవాబు, వారు అడగలేదు అన్నది. కళ్లు పోగొట్టుకుని కోర్టులో నిలబడిన మనుషులు న్యాయసహాయం అడగలేదన్న ఆ జవాబుతో తారాసింగ్ సూత్రం తన అసలు రూపం చూపింది. 1980 డిసెంబరులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఆ జవాబును తోసిపుచ్చారు. పేద నిందితునికి వకీలును సమకూర్చవలసిన బాధ్యత రాజ్యానిదని, డబ్బు లేదన్న సాకు చెల్లదని, ఈ హక్కు ఉందని చెప్పవలసినది మేజిస్ట్రేటేనని తీర్పునిచ్చారు. 1976లో చేరిన 39ఏ అధికరణ, 1979 నాటి హుస్సైనారా ఖాతూన్ తీర్పు ఇందుకు భూమికలు. 1986లో సుఖ్‌దాస్ కేసు ఇంకొక అడుగు వేసి, అడగకపోవడం వల్ల హక్కు పోదని తేల్చింది.

అంతా బాగానే ఉన్నది గాని, ఆ బాధ్యత మొదలయ్యే క్షణాన్ని ఖత్రీ తీర్పు మేజిస్ట్రేటు ముందు తొలి హాజరుగా నిర్ణయించింది. భాగల్పూరులో కళ్లు పోయింది అంతకు ముందు.

ఈ లోపాన్ని గుర్తించి పూడ్చబోయిన తీర్పు 1983 నాటి షీలా బర్సే కేసు. బొంబాయి సెంట్రల్ జైలులో పాత్రికేయురాలు షీలా బర్సే మాట్లాడిన 15 మంది స్త్రీలలో ఐదుగురు పోలీసు లాకప్‌లో తమను కొట్టారని చెప్పారు. స్త్రీలకు వేరు లాకప్‌లు ఉండాలన్నది ఆ తీర్పులో ప్రసిద్ధికెక్కిన భాగం. దానికన్నా విలువైన ఆదేశం మరొకటి ఉంది. ఎవరిని అరెస్టు చేసి లాకప్‌కు తెచ్చినా పోలీసులు వెంటనే సమీప న్యాయసహాయ కమిటీకి కబురు చేయాలన్నదే ఆ ఆదేశం. నిందితుడు అడగనక్కరలేదు, అతనికి తెలియనక్కరలేదు. భారత న్యాయచరిత్రలో ఠాణా గడప దాటి వకీలును లోపలికి పంపిన అరుదైన వాక్యాలలో అది ఒకటి.

ఇంగ్లండు పట్టిన దారి

భారత కోర్టులు ఈ ప్రశ్నతో తలపడుతున్న ఆ దశాబ్దంలోనే ఇంగ్లండు వేరొక మార్గం పట్టింది. 1972 ఏప్రిల్‌లో లండన్‌లోని క్యాట్‌ఫర్డ్‌లో మాక్స్‌వెల్ కాన్ఫెయిట్ హత్య జరిగింది. ముగ్గురు కుర్రవాళ్ల ఒప్పుకోళ్ల ఆధారంగా శిక్షలు పడ్డాయి. వారిలో ఇద్దరికి పదిహేనేళ్లు మించలేదు. మూడోవానికి పద్దెనిమిదేళ్లు ఉన్నా బుద్ధి చిన్నపిల్లవాని స్థాయిలోనే నిలిచిపోయింది. వారిని ప్రశ్నించినప్పుడు న్యాయవాది లేడు. అనుమానితులు న్యాయవాదిని సంప్రదించవచ్చన్న మాట అప్పటికే జడ్జిల నియమాలలో ఉన్నది. అయితే దర్యాప్తుకు ఆటంకం కానంత వరకు మాత్రమే. 1975 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. 1977లో ఫిషర్ నివేదిక, దాని వెనుక రాయల్ కమిషన్, 1984లో పోలీసు, నేర సాక్ష్య చట్టం వచ్చాయి.

1986 జనవరి నుంచి అమలైన ఆ చట్టం 58వ సెక్షన్‌లో న్యాయసలహా హక్కును శాసనబద్ధం చేసింది. ఠాణాకే వచ్చే డ్యూటీ సొలిసిటర్‌ను ప్రభుత్వ ఖర్చుపై ఏర్పాటు చేశారు. బాలలు, మానసిక వైకల్యం ఉన్నవారి విషయంలో 'అప్రోప్రియేట్ అడల్ట్' అనబడే తగిన పెద్ద ఒకరిని పిలవవలసిన బాధ్యత ఠాణా అధికారిపై పడింది. అనుమానితుడు వద్దన్నా పెద్ద రావలసిందే. ఎవరు నిస్సహాయులో గుర్తించే పని ఆ అధికారి చేతిలోనే ఉండిపోవడం అక్కడ నేటికీ విమర్శకు గురవుతున్నది. అయినా హక్కును కదిలించవలసిన భారాన్ని నిస్సహాయుని భుజం మీద నుంచి దించి ఠాణాపై పెట్టడం మౌలికమైన మార్పు. షీలా బర్సే తీర్పు అడిగినదీ ఇదే. ఇంగ్లండులో అది శాసనమైంది, ఇక్కడ తీర్పుగానే ఉండిపోయింది.

'మొత్తం సేపు కాదు'

1986 ఆగస్టులో పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థకు చెందిన డి.కె. బసు లాకప్ మరణాలపై సుప్రీంకోర్టుకు రాసిన లేఖ, పదేళ్ల తరువాత 1996 డిసెంబరు 18న తీర్పుగా ముగిసింది. అందులోని పదకొండు నిబంధనలు నేడు ప్రతి ఠాణాలో బోర్డుపై కనిపిస్తాయి, చదవగలిగినవారికి. పదవ నిబంధన ప్రకారం, ప్రశ్నించే సమయంలో నిందితుడు తన న్యాయవాదిని కలవడానికి అనుమతించవచ్చు, అయితే మొత్తం సేపు కాదు. నందినీ శతపథి తీర్పులోని విశాలత ఈ చివరి మాటతో కుదించుకుపోయింది. 2009 సవరణతో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరి 2010 నవంబరు 1 నుంచి అమలైన 41డి సెక్షన్ ఆ మాటను అలాగే స్వీకరించింది. అనుమతి హక్కుగా మారింది, సరే. పరిమితి కూడా శాసనమైంది. పైగా ఆ సెక్షన్ చెప్పేది నిందితుడు 'తనకు నచ్చిన' న్యాయవాది గురించి. నచ్చడానికి ముందు తెలిసి ఉండాలి కదా.

1995 నవంబరు 9న అమలులోకి వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో షెడ్యూల్డు కులాలు, తెగలు, స్త్రీలు, బాలలు, వికలాంగులతో పాటు నిర్బంధంలో ఉన్న ప్రతి ఒక్కరినీ ఉచిత సేవలకు అర్హులుగా పేర్కొన్నది. అర్హత విషయంలో భారత చట్టానికి లోటు లేదు. ఆ అర్హతకూ ఠాణాకూ నడుమ కబురు మోసే మనిషే లేడు.

2012 ఆగస్టులో అజ్మల్ కసబ్ అప్పీలుపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విభజనను మళ్లీ ఖరారు చేసింది. సంప్రదించే హక్కు అరెస్టు నుంచి ఉన్నా, రాజ్యం వకీలును సమకూర్చవలసిన బాధ్యత తొలి హాజరు నుంచే అన్నది. అమెరికా తరహా మిరాండా రక్షణ ఇక్కడ అవసరం లేకపోవడానికి చూపిన కారణాలలో ఒకటి, పోలీసులకు చేసిన ఒప్పుకోలు భారతదేశంలో చెల్లదన్నది. అంటే మద్రాసు హింస నివేదిక కాలంలో పుట్టిన విరుగుడే, నూటయాభై ఏళ్ల తరువాత, మరో విరుగుడు అవసరం లేదనడానికి ఆధారమైంది. పులుకూరి కోటయ్య కేసును తెలిసినవారికి ఈ వాదంలోని ఖాళీ కనిపించక మానదు.

కొత్త సంహిత

బాలల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 10వ సెక్షన్ బాలుని ఏ స్థితిలోనూ పోలీసు లాకప్‌లో ఉంచరాదని నిషేధించి, ప్రత్యేక పోలీసు విభాగానికి అప్పగించమంటుంది. అయితే ఇది అతన్ని ముందు బాలునిగా గుర్తించినప్పటి మాట. పుట్టిన తేదీ కాగితం లేని కుటుంబాల పిల్లల వయస్సు ఠాణాలో చూపు అంచనాగానే మొదలవుతుంది.

మానసిక అస్వస్థులకు సంబంధించి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 27వ సెక్షన్, ఉచిత న్యాయసేవలు ఉన్నాయని తెలిపే బాధ్యతను మేజిస్ట్రేటుతో పాటు పోలీసు అధికారిపైనా పెట్టింది. పైపైన చూస్తే ఇంగ్లండు పద్ధతికి చేరువగా వచ్చిన నిబంధన. జాగ్రత్తగా చదివితే ఆ సేవలు ఆ చట్టం ఇచ్చిన హక్కుల సాధన కోసమే. దొంగతనం నేరంపై తెచ్చిన మానసిక రోగిని ప్రశ్నించేటప్పుడు పక్కన ఎవరుండాలో అది చెప్పదు.

2019లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ అరెస్టుకు ముందు, అరెస్టు సమయంలో, రిమాండు దశలో న్యాయసహాయం అందించే ప్రణాళికను రూపొందించింది. ఠాణాకు న్యాయవాదిని పంపాలన్న ఆలోచన అధికారిక పత్రంలో విధానంగా కనిపించడం గమనించదగినదే. కాని అది విధానమే గాని శాసనం కాదు. ఠాణా కబురు చేయకపోతే దర్యాప్తుకు కలిగే నష్టమేమీ లేదు. అరెస్టు కారణాలను రాతపూర్వకంగా ఇవ్వాలని 2023 అక్టోబరులో పంకజ్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది మనీ లాండరింగ్ కేసులో, స్థితిమంతులు వేసిన వ్యాజ్యంలో వచ్చింది. కటకం కథ లాగే ఇక్కడా దారి తొక్కినవారు పైవర్గం వారే.

2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత పాత కోడ్‌ను తొలగించింది. వలస పాలన జాడలను తుడిచివేయడం దాని ప్రకటిత లక్ష్యం. 41డి సెక్షన్ అందులో 38వ సెక్షన్ అయింది. మొత్తం సేపు కాదన్న మాట చెక్కుచెదరలేదు; న్యాయసహాయ సంస్థకు కబురు చేయాలన్న 1983 నాటి ఆదేశానికి ఆ సెక్షన్‌లో చోటు దొరకలేదు. విచారణలో ప్లీడరును పెట్టుకునే హక్కుకు 1898లో ఉన్న 340వ సంఖ్యే కొత్త సంహితలోనూ కాకతాళీయంగా దక్కింది. నేటికీ చాలామంది నిందితులు తమ తరఫున నియమితుడైన న్యాయవాదిని మొదటిసారి చూసేది రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన రోజున, కోర్టు వరండాలో, పోలీసు ఎస్కార్టు పక్కనే ఉండగా.